నాపరాయిలో దాగిన గాలి

(కడపలో ఒక డిగ్రీ కాలేజీ ఏర్పాటు చేసిన సభలో విద్యార్థులు, రైతులు, ఊరి పెద్దల ముందు ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్ చేసిన ప్రసంగానికి రాతప్రతి)

అందరికీ నమస్కారం. కెమిస్ట్రీ మాస్టారి చేతికి మైకిచ్చి, టైముకు ముగించమని చెప్పడం నిర్వాహకుల ధైర్యం. నా ప్రయత్నం నేను చేస్తాను. ఇవాళ్టి విషయం గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను వెనక్కి తీయడం.

ముందు ఒకసారి మీ కాళ్ళ కిందికి చూడండి. ఈ హాల్లో పరిచింది మన కడప బండలే. మీలో చాలామంది ఇళ్ళల్లో వంటింటి గట్టు, వసారా, మెట్లు అన్నీ ఇవే. ఇది సున్నపురాయి జాతి. స్వచ్ఛమైన సున్నపురాయి వంద కిలోలు తీసుకుంటే అందులో 44 కిలోలు కార్బన్ డయాక్సైడే. మన బండలో బంకమట్టి, ఇసుక కూడా కలిసి ఉంటాయి కాబట్టి కాస్త తగ్గించుకోండి. అయినా ఒక్క బండ ముక్కలో బోలెడంత బొగ్గుపులుసు వాయువు రాయిగా మారి కూర్చుని ఉంది. కదలదు, లీకవదు, దానికి కాపలా అక్కర్లేదు.

దాన్ని అక్కడ పెట్టిందెవరు? వేంపల్లె, పులివెందుల వైపు వెళ్ళినప్పుడు రోడ్డు పక్కన కొన్ని రాళ్ళలో ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా గుండ్రటి గీతలు కనిపిస్తాయి. వాటిని స్ట్రోమటొలైట్లు అంటారు. సుమారు 190 కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. ఆ నీళ్ళలో సూక్ష్మజీవులు చాపల్లా పరుచుకుని ఎండ తాగుతూ, నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను వాడుకుంటూ బతికాయి. వాటి చుట్టూ కార్బొనేట్ పేరుకుంది. ఇవాళ ప్రపంచమంతా కోట్ల డాలర్లు పోసి చేయాలనుకుంటున్న పనిని ఆ జీవులు జీతం లేకుండా చేసి వెళ్ళిపోయాయి. కాకపోతే వాటికి తొందర లేదు. మనకున్న చిక్కంతా అక్కడే ఉంది.

ఇప్పుడు ఆ రాయిని మనం ఏం చేస్తున్నాం? ఎర్రగుంట్ల నుంచి జమ్మలమడుగు, తాడిపత్రి, కొలిమిగుండ్ల దాకా ఒక చుట్టు తిరిగి రండి. సిమెంటు ఫ్యాక్టరీల గొట్టాలు కనబడుతూనే ఉంటాయి. సున్నపురాయిని 900 డిగ్రీలకు పైగా కాలిస్తే అందులోని వాయువు గాలిలోకి పోయి సున్నం మిగులుతుంది. సిమెంటు తయారీలో మొదటి మెట్టు అదే. ఫ్యాక్టరీ నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 60 శాతం కాల్చిన బొగ్గులోంచి రాదు, రాయిలోంచే వస్తుంది. అంటే రేపు ఆ బట్టీని పూర్తిగా సోలార్ కరెంటుతో నడిపినా ఆ 60 శాతం ఆగదు. ఇది మనసులో ఉంచుకోండి, మళ్ళీ వస్తాను దీనికి.

ఇంకో సంగతి. మన పెద్దవాళ్ళు పండగలకు గోడలకు సున్నం కొట్టేవారు. మొదటి రోజు గోడ ముట్టుకుంటే చేతికి అంటుకునేది, కొన్నాళ్ళకు గట్టిపడేది. సున్నం ఆరిందని అనుకునేవాళ్ళం. తడి ఆరడం సగం సంగతే. ఆ సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొద్దికొద్దిగా పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. సున్నపుతేటలోకి గొట్టంతో ఊదితే తెల్లబడుతుందే, ఎనిమిదో తొమ్మిదో తరగతిలో చేసిన ఆ ప్రయోగమే గోడ మీదా జరుగుతుంది. గాలిలోంచి కార్బన్‌ను తీయడం అనగానే ఏదో రాకెట్ సైన్స్ అనుకోవద్దు. సూత్రం మన మిద్దెల గోడలకు ఎప్పటినుంచో తెలుసు.

ఇక గాలి దగ్గరికి వద్దాం. యంత్రాలూ బొగ్గూ రాకముందు గాలిలో పది లక్షల అణువులకు 280 కార్బన్ డయాక్సైడ్ అణువులు ఉండేవి. 1958లో చార్లెస్ కీలింగ్ అనే ఆయన హవాయి దీవిలో మౌనా లోవా కొండ మీద రోజూ కొలవడం మొదలుపెట్టేనాటికి అది సుమారు 315. 2024లో సగటు 424 దాటింది. బొగ్గు, పెట్రోలు, గ్యాస్, సిమెంటు నుంచి మనుషులంతా కలిసి ఏడాదికి వదిలేది సుమారు 3,700 కోట్ల టన్నులు. అందులో సగానికి పైగా అడవులు, నేలలు, సముద్రాలు మింగి మనల్ని కాపాడుతున్నాయి. మిగిలింది గాలిలో పోగై భూమిని వేడెక్కిస్తోంది. అది ఒక వానకు కడుక్కుపోయే దుమ్ము కాదు. ఇవాళ వదిలిన దాంట్లో దాదాపు ఐదో వంతు వెయ్యేళ్ళ తర్వాత కూడా అక్కడే ఉంటుంది.

కాబట్టే వదలడం మానేస్తే చాలదా అన్న ప్రశ్నకు సూటిగా 'చాలు' అని చెప్పలేం. మానేయడమే అసలు పని, అందులో నాకే అనుమానమూ లేదు. కానీ ఎంత మానేసినా కొంత మిగిలిపోతుంది. ఇందాక చెప్పిన సిమెంటు రాయి, దూరం పోయే విమానాలు, వరిమళ్ళ నుంచి వచ్చే మీథేన్, యూరియా వేసిన నేల నుంచి వచ్చే నైట్రస్ ఆక్సైడ్, ఇవన్నీ ఒక్కసారిగా సున్నా కావు. ఆ మిగిలినదానికి సరిపడా గాలిలోంచి వెనక్కి తీస్తే లెక్క సరిపోతుంది. దాన్నే నెట్ జీరో అంటున్నారు. మన దేశం 2070కి ఆ మాట ఇచ్చింది. నెట్ జీరో చేరాలంటే కొంత వెనక్కి తీయక తప్పదని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ 2022లో స్పష్టంగానే రాసింది.

మరి ఇప్పుడు ఎంత తీస్తున్నాం? అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం ఒకటి 2024లో వేసిన లెక్క ప్రకారం ఏడాదికి సుమారు 220 కోట్ల టన్నులు. వినడానికి బాగానే ఉంది కదా? కానీ దాదాపు అంతా చెట్లు, అడవుల పుణ్యమే. యంత్రాలు, బొగ్గుపొడి, రాతిపొడి లాంటి కొత్త పద్ధతులన్నీ కలిపి 13 లక్షల టన్నులు. మళ్ళీ చెబుతున్నా, కోట్లు కాదు, లక్షలు.

ఇక్కడ ఒక తేడా చెప్పకపోతే తర్వాతంతా గందరగోళం అవుతుంది. పేపర్లలో 'కార్బన్ క్యాప్చర్' అని వచ్చేదంతా ఒకటి కాదు. ఫ్యాక్టరీ గొట్టం దగ్గరే పట్టుకోవడం వేరు, బయటి గాలిలోంచి తీయడం వేరు. మొదటిది కొత్త మురికి కలవకుండా ఆపడం. రెండోది ఇప్పటికే కలిసినదాన్ని తీయడం. బొగ్గు ప్లాంటు పొగలో కార్బన్ డయాక్సైడ్ వందకు 12 నుంచి 14 పాళ్ళు ఉంటుంది, సిమెంటు బట్టీ పొగలో అంతకంటే ఎక్కువ. బయటి గాలిలో ఎంత? ఒక గోతాంలోంచి పదివేల శనక్కాయ గింజలు నేల మీద పోశారనుకోండి. అందులో నాలుగంటే నాలుగు గింజలు వేరే రకం. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. ఆ నాలుగూ ఏరాలి, తర్వాత ఇంకో పదివేలు పోస్తారు. కూలీ ఎంత అడుగుతారో ఇక్కడున్న రైతులకు నేను చెప్పక్కర్లేదు.

లెక్క చెప్తాను. ఒక ఘనపు మీటరు గాలిలో కార్బన్ డయాక్సైడ్ ముప్పావు గ్రాము. ఒక్క అణువు కూడా తప్పించుకోకుండా పట్టినా, టన్ను కావాలంటే 13 లక్షల ఘనపు మీటర్ల గాలి ఫ్యాన్ల గుండా పోవాలి. ప్రకృతి నియమాల ప్రకారం ఆ టన్నును వేరు చేయడానికి కనీసం 125 యూనిట్లంత శక్తి కావాలి. ఎంత తెలివైన ఇంజనీరైనా దానికంటే దిగలేడు. ఇప్పటి యంత్రాలు మాత్రం వేడీ కరెంటూ కలిపితే సుమారు 2,000 యూనిట్లంత తింటున్నాయి. తగ్గుతుంది, తగ్గించాలి. అయినా అది చిన్న ఖర్చుగా ఎప్పటికీ మారదు.

ఐస్‌లాండ్‌లో హెల్లిషేయ్డి అని ఒక చోటు ఉంది. పేరు పలకడం నాకూ కష్టమే. భూమిలోంచి వచ్చే వేడితో కరెంటు తీసే ప్లాంటు అక్కడుంది. దాని పక్కనే క్లైమ్‌వర్క్స్ అనే స్విస్ కంపెనీ 2021లో ఓర్కా అని ఒక యంత్రశాల పెట్టింది. పేరుకు ఏడాదికి 4,000 టన్నులు. 2024లో మామత్ అని ఇంకోటి మొదలుపెట్టింది, దాని సామర్థ్యం 36,000 టన్నులన్నారు. ఆచరణలో ఆ అంకెలకు చాలా దూరంలో ఉన్నారు. నేను వాళ్ళను తప్పు పట్టను. మొదటి యంత్రాలు ఎప్పుడూ అంతే. కానీ కంపెనీ బోర్డు మీద రాసిన అంకెను, నిజంగా భూమిలోకి వెళ్ళిన అంకెను ఒకటిగా చూడకండి.

అక్కడ నాకు ముచ్చటేసేది ఫ్యాన్లు కాదు, రాయి. పట్టిన వాయువును నీళ్ళలో సోడాలాగా కరిగించి, నల్లటి బసాల్ట్ రాతి పొరల్లోకి దింపుతారు. ఆ రాతిలోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసి అది కార్బొనేట్ అవుతుంది. కార్బ్‌ఫిక్స్ అని ఆ పనికి పేరు. ఇలా రాయి కావడానికి వందలు, వేల ఏళ్ళు పడుతుందనుకునేవారు. 2012లో దింపినదాంట్లో 95 శాతం రెండేళ్ళ లోపే రాయైపోయిందని 2016లో ప్రచురించారు. మన వేంపల్లె సూక్ష్మజీవులు చూస్తే అసూయపడేంత వేగం. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోనూ 2013లో వెయ్యి టన్నులు బసాల్ట్‌లోకి దింపి చూశారు, అక్కడా పని జరిగింది. మన దక్కన్ పీఠభూమిలో మహారాష్ట్ర వైపు ఇలాంటి బసాల్టే ఐదు లక్షల చదరపు కిలోమీటర్లు పరుచుకుని ఉంది. అందుకే మన శాస్త్రవేత్తలకూ దానిమీద ఆశ.

అయితే ఒక మెలిక. కార్బ్‌ఫిక్స్ పద్ధతిలో ఒక టన్ను వాయువుకు 25 టన్నుల నీళ్ళు కావాలి. (నవ్వులు) మీరు నవ్వుతారని తెలుసు. మన భాషలో చెప్తాను. పది లక్షల టన్నులు ఆ పద్ధతిలో రాయి చేయాలంటే ఇంచుమించు ఒక టీఎంసీ. గండికోటలో ఎన్ని టీఎంసీలు నింపారు, ఎవరి కాలువకు ఎంత వదిలారు అని రోజూ పేపర్లో వెతుక్కునే మనం ఆ టీఎంసీ ఎక్కడినుంచి తెస్తాం? ఐస్‌లాండ్‌లో నీళ్ళకు కొదవ లేదు కాబట్టి అక్కడ నడుస్తోంది. సముద్రపు నీటితో చేసి చూస్తున్నారు, అది కుదిరితే కథ మారుతుంది. గాలిని పట్టే యంత్రాల్లో ద్రావణంతో పనిచేసే రకం కూడా మన ఎండలకు నీళ్ళు బాగా ఆవిరి చేస్తుంది. కాబట్టి 'సీమలో భూమి చవక, ఎండ ఎక్కువ, ఇక్కడ పెట్టేద్దాం' అని ఎవరైనా పెద్ద ప్లాన్‌తో వస్తే మొదట నీళ్ళ సంగతి అడగండి.

రెండోది కరెంటు. ఇది నేను కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే నా అభిప్రాయమంతా ఈ లెక్క మీదే నిలబడింది. కర్నూలు వైపు గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. 2017లో పూర్తయినప్పుడు ప్రపంచంలోని పెద్దవాటిలో ఒకటి. దాదాపు 6 వేల ఎకరాలు. అంత పార్కు ఏడాదికి సుమారు 200 కోట్ల యూనిట్లు ఇస్తుందనుకుందాం. ఆ కరెంటంతా తీసుకెళ్ళి గాలిలోంచి కార్బన్ తీసే యంత్రాలకు పెట్టామనుకోండి. టన్నుకు 2,000 యూనిట్లు కాబట్టి పది లక్షల టన్నులు తీస్తాం. మంచిదే. ఇప్పుడు అదే కరెంటును మామూలుగా గ్రిడ్డులోకి ఇచ్చి, అంతమేరకు బొగ్గు కరెంటు తగ్గించామనుకోండి. బొగ్గు కరెంటు ఒక యూనిట్‌కు కిలోకు కాస్త తక్కువ కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే దగ్గర దగ్గర 19 లక్షల టన్నులు అసలు గాలిలోకి వెళ్ళనే వెళ్ళవు. అవే పలకలు, అదే ఎండ, లాభం దాదాపు రెట్టింపు. పైగా కొత్త యంత్రం ఒక్కటీ కొననక్కర్లేదు.

మన ముద్దనూరు బొగ్గు కరెంటు ప్లాంటు ఆర్టీపీపీనే తీసుకోండి. 1,650 మెగావాట్లు. సంవత్సరం పొడుగునా సగటున 60 శాతం సామర్థ్యంతో నడిచిందనుకుంటే ఏటా 80 లక్షల టన్నులకు పైగా అవుతుంది. రోజుకు 22 వేల టన్నులు. ఐస్‌లాండ్ మామత్ తన బోర్డు మీది అంకె పూర్తిగా అందుకున్నా, ఏడాదంతా చేసిన పని ఆర్టీపీపీ ఒకటిన్నర రోజుకు కొట్టేస్తుంది. అక్కడ పనిచేసే మన పిల్లలను చిన్నబుచ్చడానికి చెప్పడం లేదు. మన ఇళ్ళలో లైట్లు వెలిగింది వాళ్ళ చలవే. నేను చెప్పేది వరుస గురించి. బొగ్గు గొట్టాలు పొగ వదులుతున్నంత కాలం మంచి కరెంటును గాలి జల్లెడకు పెట్టడం నా లెక్క ప్రకారం నష్టపు బేరం. బొగ్గు తగ్గాక, రాత్రిపూట కరెంటుకూ దారి దొరికాక, మధ్యాహ్నాలు సోలార్ మిగిలిపోయే రోజులు వస్తే అప్పుడు ఈ యంత్రాలకు వేళ వస్తుంది. ఆ రోజుకు అవి సిద్ధంగా ఉండాలంటే పరిశోధన ఇప్పుడే జరగాలి. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం. టీవీ చర్చల్లో మాత్రం ఒక్కో మనిషికి ఒక్క మాటే ఇస్తారు.

ఖర్చు సంగతి త్వరగా ముగిస్తాను. నేరుగా గాలిలోంచి తీసి భూమిలో దాచడం ఇప్పటికీ టన్నుకు 50 వేల రూపాయలకు పైమాటే. సగటు భారతీయుడు గాలిలోకి వదిలేది ఏడాదికి 2 టన్నులు, అమెరికా మనిషిది సుమారు 14. ఇప్పటిదాకా పోగైనదాంట్లో దాదాపు పాతిక శాతం అమెరికాది, మనది నాలుగు శాతం లోపు. కాబట్టి ఈ శుభ్రం చేసే బిల్లు ఎవరి పేరు మీద రావాలో నేను విడిగా చెప్పక్కర్లేదు. బిల్లు రాకుండా తప్పించుకునే దారులు కూడా ఉన్నాయి. పట్టిన వాయువును పాత చమురు బావుల్లోకి తోసి, దాని ఒత్తిడితో మిగిలిన చమురు బయటికి తీస్తారు. కాగితం మీద అదీ కార్బన్‌ను దాచినట్టే.

సున్నం దగ్గరికి మళ్ళీ వస్తాను. కాలిఫోర్నియాలో ఎయిర్‌లూమ్ అనే కంపెనీ 2023లో ఒక యంత్రశాల తెరిచింది, ఏడాదికి వెయ్యి టన్నుల సామర్థ్యం. వాళ్ళు చేసేది ఏమిటో తెలుసా? సున్నపురాయిని కరెంటు బట్టీలో కాల్చి, వచ్చిన వాయువును పట్టి దాచేస్తారు. మిగిలిన సున్నాన్ని తడిపి పళ్ళాల్లో పరుస్తారు. అది మూడు రోజుల్లో గాలిలోంచి వాయువును పీల్చి మళ్ళీ రాయవుతుంది. మళ్ళీ కాలుస్తారు. గోడకు సున్నం కొట్టి, గీకి తీసి, కాల్చి, మళ్ళీ కొట్టినట్టు. బట్టీ నడపడం, రాయి నాణ్యత చూడటం, దుమ్ముతో వేగడం, ఈ పనులు ఎర్రగుంట్ల, బేతంచెర్ల కుర్రాళ్ళకు వాళ్ళకంటే బాగా తెలుసు. విద్యార్థులు ఈ ముక్క రాసుకోండి. ఆ రంగంలో ఉద్యోగమంటే కంప్యూటర్ ముందు కూర్చోవడం ఒక్కటే కాదు, కిల్న్ తెలిసిన కెమికల్ ఇంజనీరు, ఖనిజాలు తెలిసిన జియాలజిస్టు కావాలి.

అయినా మన ప్రాంతానికి అంతకంటే ముందు పనికొచ్చేది సిమెంటు గొట్టమే అని నా నమ్మకం. నార్వేలో బ్రెవిక్ అనే ఊళ్ళో సిమెంటు ఫ్యాక్టరీ ఒకటి ఉంది. 2025లో అక్కడ గొట్టం దగ్గరే ఏడాదికి 4 లక్షల టన్నులు పట్టే ఏర్పాటు మొదలైంది, ఆ ఫ్యాక్టరీ వదిలేదాంట్లో సగం. దాన్ని ద్రవంగా మార్చి ఓడలో తీసుకెళ్ళి ఉత్తర సముద్రం అడుగున రెండున్నర కిలోమీటర్ల లోతులో దింపుతారు. అందులో ప్రభుత్వ డబ్బు చాలా ఉంది. మనకు ఓడ లేదు, సముద్రం లేదు, మన కడప బేసిన్ రాళ్ళు ముసలివి, గట్టివి, రంధ్రాలు తక్కువ. ఎక్కడికో పైపు వేయాలి. ఆలోపు చేయగలిగినవి ఉన్నాయి. సిమెంటులో థర్మల్ ప్లాంటు బూడిద కలపడం ఇప్పటికే జరుగుతోంది. కాల్చిన బంకమట్టి, కాల్చని సున్నపురాయి కలిపి క్లింకర్‌ను, అంటే బట్టీలో కాలి వచ్చే సిమెంటు గడ్డలను, సగానికి తగ్గించే ఎల్‌సీ3 అనే సిమెంటుకు మన దేశంలో 2023లో ప్రమాణం కూడా వచ్చింది. ఇది వెనక్కి తీయడం కాదు, వదలకపోవడం. కానీ వదలని టన్నును తీయాల్సిన పని ఉండదు.

సరే, చెట్ల దగ్గరికి రాకపోతే రైతులు లేచి వెళ్ళిపోతారు. అందరికంటే చవకైన యంత్రం చెట్టే. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూశారు కదా, దాదాపు ఐదెకరాల నీడ. వందల ఏళ్ళుగా కార్బన్‌ను కొమ్మల్లో, ఊడల్లో మోస్తూ నిలబడింది. కానీ అన్ని చెట్లకూ అలా పూజ జరగదు. మన ఎర్రమల, పాలకొండ, శేషాచలం కొండలకు ఎండాకాలం నిప్పంటుకుంటే ఏళ్ళ తరబడి పోగైంది ఒక్క వారంలో గాలిలో కలుస్తుంది. 2014 మార్చిలో శేషాచలం తగలబడినప్పుడు మనం చూశాం. చెట్టులో దాచిన కార్బన్‌కూ, రాయిలో దాచిన కార్బన్‌కూ ఒకే ధర కట్టడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

నాటడం కంటే కాపాడటం మేలని కూడా మన జిల్లాలే నేర్పాయి. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ వాళ్ళు 1990లో 32 ఎకరాల బీడు తీసుకున్నారు. నిప్పు రాకుండా, గొర్రెలు అతిగా మేయకుండా, వాన నీళ్ళు పారిపోకుండా చూశారు. వేర్లలో బతికున్నదంతా చిగురించింది. గుంత తవ్వి, మొక్క పెట్టి, ఫోటో దిగి, మే నెలలో మర్చిపోయే కార్యక్రమాలు మనం ఎన్ని చూడలేదు! కార్బన్ లెక్క మొక్క నాటిన రోజున మొదలుకాదు, బతికిన ఏళ్ళతో మొదలవుతుంది.

బొగ్గుపొడి గురించి, అదే బయోచార్. కంది కట్టె, పత్తి కట్టె, కంపచెట్లు గాలి తగలకుండా కాలిస్తే వచ్చే బొగ్గు. నేలలో వేస్తే వందల ఏళ్ళు కుళ్ళదు. మంచి బొగ్గు ఒక టన్ను రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఎర్రనేలలో తేమ నిలవడానికీ కొంత సాయం. ప్రపంచంలో కొత్త పద్ధతుల్లో ఇప్పటికి నిజంగా పని చేసి చూపించినదాంట్లో ఎక్కువ వాటా దీనిదే. కంపచెట్ల బొగ్గు కాల్చడం మనవాళ్ళకు కొత్త కాదు, కానీ మట్టి కప్పి కాల్చే పాత బట్టీలో మీథేన్, పొగ విపరీతంగా వస్తాయి, లాభంలో చాలా భాగం అక్కడే పోతుంది. పొగను కూడా మండించే బట్టీ కావాలి. ఇంకో మాట. శనక్కాయ పొట్టుతో చేద్దాం అంటారు. ఆ పొట్టు ఇప్పుడు ఊరికే పడి లేదు, ఇటుక బట్టీలకూ బాయిలర్లకూ పోతోంది. దాన్ని మనం లాక్కుంటే ఇటుక బట్టీ బొగ్గు కొంటుంది. ఒక చేత్తో తీసి ఇంకో చేత్తో వదిలినట్టు. పొలంలో నిప్పు పెట్టి తగలేసే కట్టెతో చేస్తే అది నిజమైన లాభం.

రాతిపొడి పద్ధతి ఇంకోటి. బసాల్ట్‌ను పిండి చేసి పొలంలో చల్లితే వాననీటితో కరుగుతూ గాలిలోని వాయువును బైకార్బొనేట్‌గా మార్చి నీటితో పంపేస్తుంది. ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్ వరి రైతులతో ఈ పని చేస్తున్న మాటి కార్బన్ సంస్థకు 2025లో ఎక్స్‌ప్రైజ్ అనే అంతర్జాతీయ పోటీలో 5 కోట్ల డాలర్ల మొదటి బహుమతి వచ్చింది. గొప్ప విషయమే. మన దగ్గర? ఈ పనికి వేడి, నీళ్ళు, కాస్త ఆమ్లపు నేల కావాలి. వేడికి లోటు లేదు. అనంతపురంలో వాన 550 మిల్లీమీటర్లు. మన నల్లరేగళ్ళలో తవ్వితే సున్నపు గడ్డలు తేలతాయి, అవి ముందే క్షారంగా ఉన్న నేలలు. టన్ను వాయువుకు మూడు టన్నులకు పైగా రాయి కావాలి, దాన్ని పిండి చేయాలి, లారీలో తేవాలి. తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీల బండ దుమ్ము ఊరికే వస్తుంది కదా అంటారేమో, అది ముందే కడుపు నింపుకున్న రాయి. బసాల్ట్‌కు చుట్టమైన డోలరైట్ రాతి క్వారీల దుమ్ము అయితే పరీక్షించి చూడొచ్చు, అందులో నికెల్, క్రోమియం లాంటివి ఎంత ఉన్నాయో ల్యాబ్‌లో తేలాకే.

సముద్రంలో క్షారం కలపడం, నాచు పెంచడం లాంటివి కూడా ఉన్నాయి. కడపలో నిలబడి వాటి గురించి ఎక్కువ మాట్లాడను.

ప్రశ్నలకు టైమిస్తానన్నాను. అడగండి.

ఒక విద్యార్థిని: సార్, ఇంత కష్టమని మీరే చెబుతున్నారు. మరి ఈ డబ్బంతా వేరేదానికి పెట్టొచ్చు కదా?

మంచి ప్రశ్నమ్మా. 2010లో సోలార్ పలకల గురించి కూడా సరిగ్గా ఇదే అనేవారు, తర్వాత ధర పదో వంతుకు పడిపోయింది. అయితే గాలి జల్లెడకు సోలార్ అదృష్టం ఉంటుందని నేను హామీ ఇవ్వను. సోలార్ పలక కరెంటు ఇస్తుంది, జనం కొంటారు. తీసిన కార్బన్‌ను ఎవరూ కొనరు, ప్రభుత్వాలు కొనాలి, లేదా చట్టం పెట్టి కొనిపించాలి. చెత్త ఎత్తడం లాంటి సేవ అది. అందుకని పరిశోధనకు డబ్బు పెట్టమంటాను, ఇప్పుడే పెద్ద ఎత్తున ప్లాంట్లు కట్టమనను. నువ్వు బీఎస్సీనా? అయితే ఆ 2,000 యూనిట్లను 800కి దించే పదార్థం మీద పనిచెయ్యి, నేను మాట మార్చుకుంటాను.

ఒక రైతు: సార్, మా ఊరికి ఎవరో వచ్చి మామిడి, వేప పెట్టుకోండి, కార్బన్ డబ్బులు వస్తాయి అంటున్నారు. సంతకం పెట్టమంటున్నారు. పెట్టాలా?

అన్నా, వచ్చింది ఎవరో, మంచివాళ్ళో కాదో నాకు తెలియదు కాబట్టి పెట్టమనో వద్దనో చెప్పను. కాగితంలో ఏం చూడాలో చెప్తాను. ఒప్పందం ఎన్నేళ్ళు? ఇరవై, ముప్పై ఏళ్ళు ఉండొచ్చు. ఆలోపు మీ అబ్బాయి చెట్లు కొట్టి బోరు వేసి చీనీ తోట పెట్టుకుంటానంటే ఏం జరుగుతుంది? కరువులో చెట్లు ఎండిపోతే నష్టం ఎవరిది, తీసుకున్న డబ్బు తిరిగి కట్టాలా? టన్నుకు వాళ్ళు ఎంతకు అమ్ముతారు, మీకు అందులో ఎంత? కొలిచేదెవరు, కొలతకయ్యే ఖర్చు ఎవరి వాటాలోంచి పోతుంది? భూమి మీద వాళ్ళకు ఏ హక్కు రాసిస్తున్నారు? కాగితం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో రాసిమ్మని అడగండి, ఇవ్వకపోతే అదే మీకు జవాబు. ఇంకోటి, మీరు ఎలాగూ మామిడి పెట్టుకునేవాళ్ళే అయితే, ఆ చెట్లకు కార్బన్ డబ్బు తీసుకోవడం నిజానికి లెక్కలో తప్పు. వాళ్ళు ఆ ప్రశ్న మిమ్మల్ని అడిగారా? అడగకపోతే కొంచెం జాగ్రత్తగా ఉండండి. సంతకానికి ముందు ఆ కాగితం జిరాక్స్ ఒకటి తెచ్చుకోండి, నేను కూడా చదివిపెడతాను.